ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది నిర్వహణ, సంక్షేమం

ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది నిర్వహణ అనగా ప్రభుత్వ నిధులతో నడిచే ఆసుపత్రులకు కావలసిన వైద్యులను, నర్సులను, సాంకేతిక సిబ్బందిని, ఇతర ఉద్యోగులను నియమించడం, వారికి పని పంచడం, వారి ఆరోగ్యాన్ని, భద్రతను కాపాడడం. తెలుగునాట ఒకప్పుడు ధర్మాసుపత్రులని పిలువబడిన ఈ సంస్థలపై పేదలు ఎక్కువగా ఆధారపడతారు. వచ్చిన రోగిని కాదనకుండా చేర్చుకోవడం వీటి ధర్మం. పడకలు నిండిన తరువాత కూడా రోగులు వస్తూనే ఉంటారు. సిబ్బంది సంఖ్య మాత్రం రోగుల సంఖ్యతో పాటు పెరగదు. ఈ రంగంలోని సమస్యలలో అధికభాగానికి మూలం ఈ వ్యత్యాసమే. సిబ్బంది సంక్షేమం ఉద్యోగుల సొంత విషయంగా కనిపించినా, రోగి ప్రాణరక్షణతో దానికి నేరుగా సంబంధం ఉన్నది.

చరిత్ర

బ్రిటిషు పాలనలోను, నిజాం సంస్థానంలోను పెద్ద పట్టణాలలో బోధనాసుపత్రులు వెలిశాయి. విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి (1923), హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి ఆ కాలానికి చెందినవి.

దేశంలో వైద్య సిబ్బంది కొరతను మొదటిసారి సమగ్రంగా లెక్కించినది సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమించబడిన సంఘం. 1946లో వెలువడిన ఈ సంఘ నివేదిక ప్రకారం అవిభక్త భారతదేశంలో సుమారు 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు ఉండేవారు. వైద్యుల కొరత కంటె నర్సుల కొరత ఎన్నో రెట్లు ఎక్కువని ఈ అంకెలు తెలుపుతున్నాయి. నర్సింగు విద్యకు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండేందుకు 1947లో భారత నర్సింగు మండలి చట్టం చేయబడింది.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా, ఏరియా ఆసుపత్రుల నిర్వహణకు 1986లో చేసిన చట్టం ద్వారా వైద్య విధాన పరిషత్ ఏర్పడింది. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పల్లెలకు ఆశా కార్యకర్తలను ఇచ్చింది. కాంట్రాక్టు పద్ధతిలో వైద్యుల, నర్సుల నియామకం కూడా దీనితో బాగా పెరిగింది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినప్పుడు ఆరోగ్యశాఖ సిబ్బంది కూడా రెండు రాష్ట్రాల మధ్య పంచబడ్డారు.

సిబ్బంది వర్గాలు

* వైద్యులు: సూపరింటెండెంటు, ఆర్.ఎం.ఓ., ప్రొఫెసర్లు, సివిల్ సర్జన్లు, అసిస్టెంటు సర్జన్లు. బోధనాసుపత్రులలో రాత్రివేళ పనిభారం ఎక్కువగా మోసేవారు హౌస్ సర్జన్లు, పీజీ విద్యార్థులు. వీరినే జూనియర్ డాక్టర్లు లేక జూడాలు అంటారు.
* నర్సులు: స్టాఫ్ నర్సులు, హెడ్ నర్సులు, నర్సింగు సూపరింటెండెంట్లు.
* సాంకేతిక సిబ్బంది: ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియోగ్రాఫర్లు, మత్తు విభాగం సహాయకులు.
* సహాయక సిబ్బంది: వార్డుబాయిలు, ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు, భద్రతా సిబ్బంది. ఒకప్పుడు వీరు నాలుగవ తరగతి ప్రభుత్వోద్యోగులు. ఇప్పుడు వీరిలో ఎక్కువమంది ఔట్‌సోర్సింగు పద్ధతిలో పనిచేస్తున్నారు.

నియామక పద్ధతులు

ఒకే వార్డులో ఒకే పని చేస్తున్న ఇద్దరు నర్సులు వేర్వేరు పద్ధతులలో నియమించబడినవారు కావచ్చును. రెగ్యులర్ ఉద్యోగికి వేతన స్కేలు, ఇంక్రిమెంట్లు, సెలవులు, పదోన్నతి ఉంటాయి. కాంట్రాక్టు ఉద్యోగికి నిర్ణీత మొత్తం మాత్రమే లభిస్తుంది, గడువు తీరినప్పుడల్లా కొనసాగింపు ఉత్తర్వుల కోసం ఎదురు చూడాలి. ఔట్‌సోర్సింగు ఉద్యోగి ప్రభుత్వం తరఫున గాక ఏజెన్సీ తరఫున పనిచేసినట్లు లెక్క.

ఈ తేడాలపై సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ముఖ్యమైనవి. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, నియమాల ప్రకారం ఎంపిక కాని తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ ఒక హక్కు కాదని చెప్పింది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం సూత్రం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అనగా తాత్కాలిక ఉద్యోగి తన పనికి తగిన వేతనం కోరవచ్చును గాని, ఉద్యోగ స్థిరత్వాన్ని హక్కుగా కోరలేడు.

పోస్టుల లెక్క

సిబ్బంది చాలినంతగా ఉన్నారా లేదా అనే ప్రశ్నకు మంజూరైన పోస్టుల సంఖ్య ఒక్కటే సమాధానం కాదు. ఒక వార్డులో రాత్రింబగళ్ళు ఒక నర్సు ఉండాలంటే ఎందరు కావాలో ఈ క్రింది విధంగా లెక్కించవచ్చును.

* వారానికి మొత్తం గంటలు: 24 × 7 = 168
* ఒక ఉద్యోగి వారానికి పనిచేసే గంటలు: 48
* కావలసిన ఉద్యోగులు: 168 ÷ 48 = 3.5
* సెలవులు, శిక్షణ, అనారోగ్యం కొరకు 30 శాతం అదనం: 3.5 × 1.3 = 4.55

అనగా నర్సు కూర్చునే ఒక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండకుండా చూడాలంటే దాదాపు ఐదుగురు కావాలి. 30 పడకల వార్డుకు ఆరు పడకలకు ఒకరు చొప్పున ఐదు పోస్టులు మంజూరైనాయని అనుకుందాం. కాగితం మీద నిష్పత్తి 1:6. ఆచరణలో మాత్రం ఏ వేళలోనైనా 30 మందికి ఒక నర్సు చొప్పుననే ఉంటుంది. ఉదయం రద్దీ వేళ ఇద్దరిని ఉంచితే ఆ మేరకు మరొక వేళలో లోటు పడుతుంది. ఆ ఐదు పోస్టులలో ఒకటి ఖాళీగా ఉండి, మరొక నర్సు డెప్యుటేషన్‌పై వేరొక చోట ఉంటే, మిగిలిన ముగ్గురు సెలవు లేకుండా పనిచేసినా 168 గంటలు పూర్తికావు. అటువంటప్పుడు ఒకే నర్సుకు రెండు వార్డులు అప్పగించవలసి వస్తుంది. పడకలకు మించి రోగులను చేర్చుకున్నప్పుడు ఈ భారం ఇంకా పెరుగుతుంది.

చాలా ఆసుపత్రులలో నర్సులకు ఉదయం 8 నుండి మధ్యాహ్నం 2 వరకు, 2 నుండి రాత్రి 8 వరకు, రాత్రి 8 నుండి మరునాటి ఉదయం 8 వరకు మూడు షిఫ్టులుంటాయి. వీటిలో అతి పొడవైనది, అతి తక్కువమంది ఉండేది రాత్రి షిఫ్టే.

సిబ్బంది సంఖ్యకు, రోగుల మరణాలకు గల సంబంధాన్ని లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర ఆసుపత్రులలో పరిశీలించి 2002లో ప్రకటించింది. శస్త్రచికిత్స జరిగిన రోగులలో, ఒక నర్సుకు అదనంగా చేరే ఒక్కొక్క రోగికి 30 రోజులలోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సులలో బర్నౌట్ కలిగే అవకాశం 23 శాతం పెరుగుతున్నట్లు ఆ పరిశీలనలో తేలింది.

పనిగంటలు, అలసట

జూనియర్ డాక్టర్లు ఒకేసారి 24 గంటలు, కొన్నిసార్లు 36 గంటలు డ్యూటీలో ఉండడం ఎంతోకాలంగా ఆనవాయితీగా వస్తున్నది. 1992లో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన రెసిడెన్సీ పథకం ప్రకారం రెసిడెంటు వైద్యుల నిరంతర డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు మించరాదు, జూనియర్ రెసిడెంట్ల పని వారానికి 48 గంటలుండాలి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ఇచ్చిన నివేదికలో గరిష్ఠ పరిమితిని వారానికి 74 గంటలుగా సూచించింది. 1992లో 48 గంటలని వ్రాసిన నియమం ఉండగా, 32 సంవత్సరాల తరువాత 74 గంటలను ఒక సంస్కరణగా సూచించవలసి రావడం ఆచరణలో ఎంత పని చేయిస్తున్నారో తెలుపుతున్నది.

నిద్రలేమి ప్రభావాన్ని డాసన్, రీడ్ అనే శాస్త్రవేత్తలు 1997లో కొలిచారు. వరుసగా 17 గంటలు మేలుకొన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా ఉన్నది. 24 గంటలకు అది 0.10 శాతంతో సమానమైనది. భారతదేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే పరిమితి 0.03 శాతమే.

దీర్ఘకాలిక పని ఒత్తిడి వలన కలిగే స్థితిని బర్నౌట్ అంటారు. 1970వ దశకంలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ మాటను వృత్తిపరమైన అర్థంలో వాడుకలోకి తెచ్చాడు. క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దీనిని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. దీనిలో మూడు లక్షణాలు గుర్తించబడ్డాయి:

* భావోద్వేగాలు ఇంకిపోయి నిస్సత్తువ కలగడం
* రోగిని మనిషిగా గాక పడక నంబరుగా చూడడం
* తాను చేసే పని వలన ప్రయోజనం లేదనిపించడం

ప్రభుత్వాసుపత్రికి వెళ్ళినవారు తరచుగా చెప్పే 'విసుక్కున్నారు' అనే ఫిర్యాదుకు కొన్ని సందర్భాలలో రెండవ లక్షణం కారణం కావచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను వ్యాధిగా గాక వృత్తి సంబంధమైన స్థితిగా చేర్చింది. కనుక దీని నివారణలో వ్యక్తికి చేసే చికిత్స కంటె పని పరిస్థితుల మార్పు ముఖ్యం.

వృత్తిపరమైన ప్రమాదాలు

సూదులు గుచ్చుకోవడం ఆసుపత్రులలో సాధారణమైన ప్రమాదం. వ్యాధి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకొన్నప్పుడు హెచ్.ఐ.వి. సోకే అవకాశం సుమారు 0.3 శాతం. టీకా తీసుకోనివారికి హెపటైటిస్-బి సోకే అవకాశం 6 నుండి 30 శాతం వరకు ఉంటుంది. హెచ్.ఐ.వి. నివారణ మందులను వీలైనంత త్వరగా, తప్పనిసరిగా 72 గంటలలోపు ప్రారంభించి 28 రోజులు వాడాలి. వ్యర్థాలు ఎత్తే కార్మికులకు కూడా ఈ ప్రమాదం ఉన్నది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలతో సంబంధమున్న వారందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, ఏడాదికొకసారి ఆరోగ్య పరీక్షలు చేయించాలి. నియామక పద్ధతిని బట్టి ఈ నియమం మారదు. ఔట్‌సోర్సింగు కార్మికునికి కూడా ఇది వర్తిస్తుంది.

దాడులు, భద్రత

రోగి మరణించినప్పుడు బంధువుల ఆగ్రహం ఎదురుగా ఉన్న జూనియర్ డాక్టరుపై లేక నర్సుపై పడుతుంది. మందులు, పడకలు, నిపుణులు లేకపోవడానికి వారు బాధ్యులు కాకపోయినా, ఆ సమయంలో అక్కడ కనిపించేది వారే.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2008లో వైద్య సిబ్బందిపై దాడుల నిరోధక చట్టం చేసింది. దీని ప్రకారం దాడికి మూడు సంవత్సరాల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కోవిడ్-19 వ్యాప్తి సమయంలో, 2020 జూన్‌లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ఒక జూనియర్ డాక్టరుపై దాడి జరుగగా జూడాలు ఆందోళన చేశారు. కోవిడ్ చికిత్సను ఒక్క ఆసుపత్రికే పరిమితం చేయకుండా ఇతర ఆసుపత్రులకు కూడా పంచాలన్నది వారి కోరికలలో ఒకటి. అదే సంవత్సరం అంటువ్యాధుల చట్టం సవరించబడి, తీవ్రంగా గాయపరచినవారికి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష చేర్చబడింది.

2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఆర్.జి.కర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న ఒక పీజీ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. రాత్రి డ్యూటీలో ఉన్నవారికి సురక్షితమైన విశ్రాంతి గది కావాలనే చాలాకాలపు కోరిక దీనితో దేశమంతటా చర్చకు వచ్చింది. సుప్రీంకోర్టు ఆగస్టు 20న ఒక జాతీయ కార్యదళాన్ని నియమించింది. హైదరాబాదుకు చెందిన జీర్ణకోశ వైద్యనిపుణుడు డి.నాగేశ్వరరెడ్డి ఇందులో ఒక సభ్యుడు.

సంక్షేమ చర్యలు

సంక్షేమం పేరుతో కొన్ని ఆసుపత్రులలో యోగా తరగతులు, సన్మాన కార్యక్రమాలు జరుగుతుంటాయి. ఇవి మంచివే గాని ఖాళీ పోస్టుకు బదులు కాజాలవు. పై విషయాలను బట్టి ముఖ్యమైన చర్యలను ఇలా పేర్కొనవచ్చును:

* పోస్టులను పడకల సంఖ్యను బట్టి గాక, సెలవులను కూడా కలిపి షిఫ్టుల వారీగా లెక్కించడం
* పదవీ విరమణల తేదీలు ముందే తెలుస్తాయి కనుక ఖాళీ ఏర్పడకముందే నియామక ప్రక్రియ ప్రారంభించడం
* రోస్టరును ముందుగా ప్రకటించడం, రాత్రి డ్యూటీ తరువాత విశ్రాంతి కల్పించడం
* తాళం పడే విశ్రాంతి గది, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్డి, రాత్రివేళ త్రాగునీరు, భోజన వసతి
* కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు సిబ్బందికి ప్రతినెలా సకాలంలో జీతం, టీకాలు, ప్రమాద బీమా
* రోగి మరణవార్తను బంధువులకు అనుభవజ్ఞుడైన వైద్యుడే తెలియజేయడం

వీటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు. పనిగంటలకు, టీకాలకు, భద్రతకు నియమాలు ఇదివరకే ఉన్నాయి. అవి అమలవుతున్నవో లేదో తెలుసుకొనడానికి ఒక వార్డులోని రాత్రి డ్యూటీ రోస్టరును, ఆ రాత్రి ఉన్న రోగుల సంఖ్యతో పోల్చి చూస్తే చాలును.

ఇవి కూడా చూడండి

* కింగ్ జార్జి ఆసుపత్రి
* ఉస్మానియా ఆసుపత్రి
* గాంధీ ఆసుపత్రి
* ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
* ఆశా కార్యకర్త