పాత ఫాల్కన్‌కు కొత్త యాక్సిల్

మెల్‌బోర్న్: 1971లో బాథర్స్ట్ రేసు గెలిచిన ఫోర్డ్ ఫాల్కన్ జీటీ-హెచ్ఓ ఫేజ్-3 అంటే ఆస్ట్రేలియన్లకు ప్రాణం. బ్రాడ్‌మెడోస్ ఫ్యాక్టరీ 2016లో మూతపడినా, ఆనాటి ఫాల్కన్లు గ్యారేజీలకు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ మెకానిక్ పని చేస్తున్న మనవాళ్లకు ఒక మాట. నైన్-ఇంచ్ డిఫరెన్షియల్ ఉన్న బండికి వెనక యాక్సిల్ కొనేముందు పాతదాని స్ప్లైన్లు లెక్కపెట్టండి. 28 ఉండొచ్చు, 31 ఉండొచ్చు. రెండు వైపులా పొడవు విడివిడిగా కొలవండి. జాక్‌ను నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. షాఫ్ట్‌కు ముందు ప్లేటు తొడిగి, తర్వాత బేరింగు, ఆపైన రింగు విడివిడిగా ప్రెస్ చేయాలి. పాత రింగు మళ్లీ వాడొద్దు. అది జారిందంటే యాక్సిల్‌తో సహా చక్రమే ఊడొస్తుంది. ఓనరు ఎంత తొందరపెట్టినా ఆ రింగు దగ్గర మాత్రం రాజీ పడకండి.