కన్నకొడుకైనా జట్టు తరువాతే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, టెక్కలి ప్రాంతాలను, ఉద్దానం తోటలను కూల్చివేసింది. ఒరిగిన కొబ్బరిచెట్టును చూస్తే మాకు దాన్ని నాటిన తాతే గుర్తుకొస్తాడు. భారత ఫుట్‌బాల్‌కు అటువంటి ఇంటిపెద్ద హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963).

ఆయన బడిపంతులు, స్వయంగా ఆటగాడు. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది.

మాకు అంతకన్నా గొప్పగా తోచేది మరొకటుంది. ఆయన కుమారుడు హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల జట్టులో చోటే దక్కలేదు. రెండుసార్లూ కోచ్ తండ్రే! అయినవారి విషయంలోనూ న్యాయం తప్పవద్దన్న ఖుర్ఆన్ ఆదేశం మనమంతా విన్నదే. పదవులు పంచుకునే వేళ ఎందుకు మరుస్తామో!

అప్పటికే రహీం సాహెబ్‌ను క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. జకార్తా ఫైనల్లో ఆయన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి జూన్‌లో ఆయన కన్నుమూశారు.

2021లో మరణించిన హకీం ఆటను విడిచిపెట్టలేదు. ఫిఫా రిఫరీగా ఈల పట్టారు.