తండా భాష – సెల్‌ఫోను – రచయిత బాధ్యత

పదిహేనేళ్ల క్రితం మాట. దేవరకొండ ప్రాంతంలో ఒక తండా బడిలో నేను చేరిన మొదటి వారం. ఒకటో తరగతి పిల్ల తలుపు పట్టుకుని "యాడి, యాడి" అని ఏడుస్తున్నది. మా వైపు తెలుగులో "యాడ" అంటే ఎక్కడ అని. ఎవరినో వెతుకుతున్నదనుకుని "ఎవరు గావాలె బిడ్డా, యాడున్నరు?" అని నాలుగుసార్లు అడిగాను. నేను అడిగినకొద్దీ ఏడుపు పెరిగింది. చివరికి అయిదో తరగతి పిల్లవాడు వచ్చి "సార్, యాడి అంటే అమ్మ" అని చెప్పాడు. తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ని. ఆ బడిలో అందరికన్నా తక్కువ భాష తెలిసినవాణ్ని నేనేనని ఆ రోజు అర్థమయింది.

చిన్న సమూహాల భాషలను సెల్‌ఫోను ద్వారా నేర్చుకోవచ్చుననీ, తద్వారా సంస్కృతుల మధ్య సంభాషణ పెరుగుతుందనీ ఇటీవల తరచుగా వింటున్నాం. మాట మంచిదే. కాని ఎవరు ఎవరి భాష నేర్చుకోవాలి అనే ప్రశ్న వేసుకోకుండా సాధనాన్ని మెచ్చుకోవడంలో అర్థం లేదు. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల తండాల్లో పుట్టిన బిడ్డలు తెలుగు నేర్చుకుంటూనే ఉన్నారు. బడిలో, అంగట్లో, పోలీసు ఠాణాలో, మేస్త్రీ దగ్గర వాళ్లకది తప్పదు. తరతరాలుగా పక్కనే ఉన్న ఊరివాళ్లలో మాత్రం లంబాడీలో పది మాటలు వచ్చినవాళ్లు అరుదు. ఎప్పుడూ ఒక్కరే నడిచి రావలసిన ఈ ఏర్పాటును సంభాషణ అనలేం. లంబాడీలు తమను గోర్ అనుకుంటారు, బయటివాళ్లను కోర్ అంటారు. ఆ గీత చెరగకపోవడంలో మన నిర్లక్ష్యం పాలు తక్కువేమీ కాదు.

లంబాడీ, బంజారా, గోర్ బోలి అనే పేర్లున్న ఈ భాష ఇండో-ఆర్య కుటుంబానికి చెందినది, రాజస్థానీకి దగ్గరిది. 2011 జనాభా లెక్కల్లో లమాణి లేక లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవారు దేశంలో 32 లక్షల 76 వేల పైచిలుకు. వారందరినీ హిందీ పద్దు కింద కలిపేశారు. అంత జనం మాట్లాడే భాష లెక్కల పుస్తకంలో మరో భాషకు ఉపశాఖగా మిగిలింది. దానికి విస్తృతంగా వాడే సొంత లిపి లేదు. మన దగ్గర తెలుగులో, కర్ణాటకలో కన్నడంలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. పుణెకు వలసపోయిన పాలమూరు కూలీ అక్కడి బంజారాతో మాట్లాడగలడు. ఉత్తరం రాసుకుంటే మాత్రం ఒకరిది ఒకరు చదవడం కష్టం.

సెల్‌ఫోను ప్రాధాన్యం సరిగ్గా ఇక్కడే ఉంది. అచ్చుయంత్రం ముందు లిపిని అడిగింది. ఫోను నేరుగా గొంతును తీసుకుంటుంది. వలసపోయిన కొడుకు తల్లికి వాట్సాప్‌లో పంపే మాటకు అక్షరంతో పని లేదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర ఈ సూత్రం మీదనే నడిచింది. మామూలు ఫోను నుంచి పిలిచి, గోండి వంటి భాషల్లో తమ ఊరి సమస్య చెబితే ఇతరులు దాన్ని ఫోనులోనే వినగలిగారు. ఫోనులో భాష నేర్పే పద్ధతీ ఇంతే. ఒక వాక్యం వినిపిస్తారు, దాని సందర్భం చూపిస్తారు, మనచేత పలికిస్తారు, మరిచిపోయే సమయానికి మళ్లీ అడుగుతారు.

అయితే ఈ పనిని కంపెనీలకు వదిలేస్తే ఏమవుతుంది? గూగుల్ అనువాద సాధనం 2024 జూన్‌లో 110 భాషలను కొత్తగా చేర్చుకున్నది. తుళు, సంతాలి అందులో ఉన్నాయి, లంబాడీ లేదు. అనువాద యంత్రం నేర్చుకోవాలంటే రాసిపెట్టిన పాఠం కుప్పలుగా కావాలి. బడీ పత్రికా పట్టించుకోని భాషకు ఆ కుప్ప ఎక్కడిది? పాత అన్యాయం కొత్త యంత్రంలోకి అట్లా ప్రవేశిస్తుంది. వేల్స్ భాషకు 2016లో పాఠాలు ప్రారంభించిన డ్యుయోలింగో 2023లో వాటిని ఇక పెంచబోమని ప్రకటించింది. బడులూ ప్రభుత్వ మద్దతూ ఉన్న భాషకే ఆ గతి పడితే, తండా భాషకు ఏం భరోసా?

కనుక పని మన చేతుల్లోంచే మొదలుకావాలి. నూరు వాక్యాలు చాలు. ఆకలయిందా, ఎక్కడ నొప్పి, కూలి ఎంత ఇచ్చారు, ఈ కాగితంలో ఏముంది – ఇట్లాంటివి. తండా పెద్దల చేత, ముఖ్యంగా స్త్రీల చేత, వారి అనుమతితో పలికించి ఫోనులో పదిలపరచాలి. ఆ గొంతుల మీద హక్కు తండాదే కావాలి. పక్కన తెలుగు లిపిలో రాయాలి. దీనికి పునాది లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ప్రారంభించినప్పుడు బంజారా వాటిలో ఒకటి. లంబాడీలో అచ్చులను ముక్కుతో పలకడం ఉంది. మనం వాడుకలోంచి తీసేసిన అరసున్న ఆ ధ్వనికి చక్కగా సరిపోతుంది. యూనికోడ్‌లో దానికి స్థానమూ ఉంది.

రచయితలు దీన్ని భాషాశాస్త్రవేత్తల పని అనుకోరాదు. నిజాం వ్యతిరేక సాయుధ పోరాటంలో ధర్మాపురం తండానూ ఠానునాయక్‌నూ గర్వంగా తలచుకుంటాం. ఆయన ఇంట్లో ఏ భాషలో మాట్లాడి ఉంటాడో ఎన్నడైనా ఆలోచించామా? మన కథల్లో తండా స్త్రీ కనిపిస్తే విరిగిన తెలుగు మాట్లాడుతుంది, పాఠకుడు నవ్వుతాడు. రెండు భాషలు మోస్తున్న మనిషి నవ్వులపాలవుతుంది, ఒక్కటే తెలిసినవాడు నవ్వుతాడు. అభ్యుదయం చెప్పుకునే మనం కూడా ఈ దోషానికి అతీతులం కాము. ఇవాళ తండా నుంచే రచయితలు వస్తున్నారు. రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో" కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. పుట్టింటిని విడిచే పెళ్లికూతురు పాడే శోకగీతం పేరు అది. అధోజ్ఞాపిక ఆ మాటకు అర్థం చెబుతుంది, దాని దుఃఖాన్ని వినిపించలేదు. ఫోను వినిపించగలదు.

అయితే విన్నంత మాత్రాన సరిపోదు. ఫోనులో నేర్చిన వాక్యంతో తండాకు పోయి తప్పుగానైనా పలకాలి. అప్పుడు నవ్వే వంతు వాళ్లది, నేర్చుకునే వంతు మనది. నా బడిలో మొదటిసారి లంబాడీలో మాట్లాడిన రోజు పిల్లలు విరగబడి నవ్వారు, ఆ తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి నన్ను దిద్దారు. తలుపు దగ్గర ఏడ్చిన పిల్ల కూడా వాళ్లలో ఉంది.