మునిగే గింజ, తేలే గింజ: వరి విత్తన ఎంపికలో ఉప్పునీరు

వరి విత్తనాన్ని నీటిలో పోసి, పైకి తేలిన తాలును తీసివేయడం రైతులకు పాత అలవాటే. అయితే అడుగున మిగిలినవన్నీ గట్టి గింజలు కావు. సగమే పాలు పోసుకున్న గింజలు కూడా మంచినీటిలో చాలావరకు మునుగుతాయి. నారుమడిలో మొక్కలు ఎగుడుదిగుడుగా పెరగడానికి గల కారణాలలో ఇది ఒకటి.

నీటిలో మునిగిన వస్తువును, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి నెడుతుంది. కాబట్టి తేలడాన్ని నిర్ణయించేది బరువు కాదు, సాంద్రత. బియ్యపు గింజలోని పిండిపదార్థం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు దాదాపు 1.5 గ్రాములు. ఊక పదార్థం కూడా నీటికంటే సాంద్రమైనదే. తాలును తేల్చేది ఊకలోపల చిక్కుకున్న గాలి. కలపలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది: గాలి గదులు తక్కువగా ఉన్న ఎర్రచందనం చేవ మునుగుతుంది, గుల్లగా ఉండే జీలుగు బెండు తేలుతుంది.

సగం నిండిన గింజలో గాలి కొంతే ఉంటుంది. దానిని తేల్చాలంటే నీటి సాంద్రతనే పెంచాలి. జపాన్‌లో యోకొయి టొకియోషి 1882లో రూపొందించిన ఉప్పునీటి పద్ధతికి ఇదే ఆధారం. అక్కడ సాధారణ వరికి 1.13 సాంద్రతను ప్రమాణంగా తీసుకున్నారు. మన ప్రాంతంలో 10 లీటర్ల నీటికి సుమారు 1.5 కిలోల ఉప్పు కలిపితే సాంద్రత 1.09 దరిదాపులకు చేరుతుంది. ఆ ద్రావణంలో కోడిగుడ్డు పావలా బిళ్ళంత మేర పైకి కనిపిస్తూ తేలుతుంది. పావలా చలామణి నుండి పోయినా ఈ కొలత మాత్రం నిలిచి ఉంది.

ప్రదర్శనలలో తరచుగా పొరపాటు జరిగేది ఈ గుడ్డు దగ్గరే. తాజా గుడ్డు సాంద్రత నీటికంటే కొద్దిగా ఎక్కువ. నిల్వ ఉన్నకొద్దీ పెంకు రంధ్రాల గుండా తేమ పోయి, లోపలి గాలి గది పెరుగుతుంది. బాగా పాతబడిన గుడ్డు మంచినీటిలోనే తేలుతుంది. అటువంటి గుడ్డును నమ్మి ఉప్పు వేయడం ముందుగానే ఆపితే ద్రావణం పలుచగా ఉండిపోయి, వేరు కావలసిన గింజలు అడుగునే మిగులుతాయి. గుడ్డును మొదట మంచినీటిలో వేసి, అది అడుగున అడ్డంగా పడుకుంటున్నదో లేదో చూడడం అవసరం.

విత్తనం పోసిన వెంటనే బాగా కలియబెట్టాలి. ఊకకు అంటిన గాలి బుడగలు గట్టి గింజను సైతం తేల్చగలవు. తేలినవాటిని ఆలస్యం లేకుండా తీసివేయాలి. నానినకొద్దీ గాలి స్థానంలోకి నీరు చేరి తేలిన గింజలూ మునుగుతాయి. తడి విత్తనంతో పని చేస్తే ద్రావణం పలుచబడుతుంది గనుక, ప్రతి విడతకు గుడ్డుతో మళ్ళీ పరీక్షించాలి.

గింజ సాంద్రత రకాన్ని బట్టి మారుతుంది. తేలిన గింజలు మరీ ఎక్కువగా ఉంటే కొన్నింటిని ఒలిచి చూడడం మేలు. లోపల బియ్యం నిండుగా ఉంటే దోషం విత్తనానిది కాదు, ద్రావణానిది. కొంత నీరు కలపాలి. తేలిన గింజలలో మొలకెత్తేవి కూడా ఉంటాయి, కానీ వాటిలో నిల్వ ఆహారం తక్కువ కనుక నారు బలహీనంగా వస్తుంది.

ఎంపిక చేసిన విత్తనాన్ని రెండు మూడు సార్లు మంచినీటితో కడిగిన తరువాతే నానబెట్టాలి. ఉప్పు మిగిలితే గింజ నీటిని పీల్చుకోవడం మందగించి మొలక దెబ్బతింటుంది.