మసి పోతే వాల్వుకొచ్చే చిక్కు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు ఎక్కించుకున్న లారీ చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వైపు పోతోందనుకుందాం. ఇంజన్ నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 15 సార్లు సీటు మీద పడుతుంది. ఆ దెబ్బలకు సీటు త్వరగా అరగకుండా కాపు కాసేవాటిలో డీజిల్ మసి కూడా ఉందంటే విడ్డూరమే. మసీ, కాస్త ఇంజన్ ఆయిలూ కలిసి సన్నటి పొర కట్టి, లోహం లోహానికి నేరుగా రాసుకోకుండా చూస్తాయి.

డీజిల్‌కు బదులు హైడ్రోజన్ మండించే ఇంజన్‌లో ఆ మసి దొరకదు, ఎందుకంటే హైడ్రోజన్‌లో కర్బనం లేదు. కిలో మండితే 9 కిలోల నీరు ఆవిరిగా వస్తుంది; ఇంధనం నుంచి మసి రాదు. ఊరికి మేలే, సీటుకే కష్టం.

ఈ కష్టం మెకానిక్కులకు పాతదే. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం పెట్రోలు ఆగిపోయాక, పాత ఇంజన్లలోని మెత్తటి పోత ఇనుము సీట్లకు సీసం పొర కరువైంది. ఎల్‌పీజీ, సీఎన్‌జీ కూడా పొడి ఇంధనాలే. సీటు అరిగినకొద్దీ వాల్వు హెడ్‌లోకి దిగబడుతుంది, ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది. చప్పుడు తగ్గిందని డ్రైవరు మురిసిపోతాడు. చేయి తిరిగిన మెకానిక్ ఫీలర్ గేజ్ అందుకుంటాడు. గ్యాప్ మొత్తం పోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది, అంచు కాలిపోతుంది.

హైడ్రోజన్‌తో ఇంజన్ నడపడమూ కొత్త కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రాన్స్వా ఇసాక్ ద రివాజ్ 1807లోనే హైడ్రోజన్‌ను సిలిండర్‌లో పేల్చి బండి నడిపాడు. మన దేశంలో ఐఐటీ ఢిల్లీ, మహీంద్రా కలిసి 2012లో హైడ్రోజన్ ఆటోలు చూపించాయి. 2023 ఫిబ్రవరిలో అశోక్ లేలాండ్, రిలయన్స్ లారీనే తెచ్చాయి. దాని ఇంజన్ కట్టుబడి చాలావరకు డీజిల్‌దే. మాజ్డా మాత్రం తెలివిగా వాల్వులే లేని రోటరీ ఇంజన్‌తో ఈ గొడవ తప్పించుకుంది.

అరుగుదల ఒకటే అయితే గట్టి లోహం వేసి ఊరుకోవచ్చు. కానీ హైడ్రోజన్ అంటుకోవడానికి 0.02 మిల్లీజౌళ్లు చాలు. పెట్రోలు ఆవిరికి అంతకు పది రెట్లు కావాలి. ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ వాల్వు అంచు, స్పార్క్ కంటే ముందే నిప్పు పెట్టేయగలదు. వాల్వు వేడిలో సుమారు ముప్పావు వంతు సీటు గుండానే బయటికి పోతుంది. కాబట్టి సీటు గట్టిగా ఉండాలి, వేడినీ లాగేయాలి. లోహపు పొడిని అచ్చులో నొక్కి, కాల్చి, రంధ్రాల్లోకి రాగిని పీల్పించే సీట్లు అందుకే పుట్టాయి. కొన్నిటిలో మాంగనీస్ సల్ఫైడ్ లాంటి పొడి కందెన కూడా కలుపుతారు. వాల్వు కాడను బోలుగా చేసి సోడియం నింపే పద్ధతి 1920ల నాటి విమాన ఇంజన్లది. 98 డిగ్రీలకే కరిగే సోడియం కాడలో పైకీ కిందికీ ఊగుతూ తల వేడిని మోసుకుపోతుంది.

వాల్వుకు క్రోమియం, మాంగనీస్ ఎక్కువగా ఉండే 21-4ఎన్ ఉక్కు ఉంది. అంతకుమించి కావాలంటే నికెల్‌తో చేసే నిమోనిక్ 80ఏ ఉంది. ఆ తరహా సూపర్ అల్లాయ్‌లను హైదరాబాద్‌లో 1973లో మొదలైన మిధాని తయారుచేస్తోంది. అయితే హైడ్రోజన్ లోహంలోకి దూరి పెళుసు చేస్తుంది. బాగా గట్టిపరిచిన ఉక్కుకు ఆ బెడద ఎక్కువ, నికెల్ మిశ్రమాలకూ పూర్తి మినహాయింపు లేదు. కేవలం గట్టిదనం చూసి ఎంచుకుంటే బోల్తా పడాల్సిందే.

వాల్వు, సీటు కలిసే చోట కోబాల్ట్, మాలిబ్డినం ఉన్న ట్రైబలాయ్ వాడటం ఇంకో దారి. ఖరీదు సంగతి అలా ఉంచితే, అంత గట్టి సీటును మామూలు గ్రైండింగ్ రాయితో సరిచేయడం కష్టం. ఆటోనగర్ షెడ్డులో వాల్వు సీట్లు కోసేవాళ్లకు కొత్త పనిముట్లూ కావాలి.