కూతురు నిలబెట్టిన పీపాలు

"మందు సంగతి మన పేజీలో ఏమిటమ్మా?" అని అప్పుడే నొసలు ముడవకండి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన గడ్డ మనది. ఆ మాట మరిచిపోయి ఎవరినీ తాగమని చెప్పబోవటం లేదు లెండి. పెద్దలనాటి పద్ధతి ఉంచుకోవాలా, పారెయ్యాలా అని ఎక్కడో ఇటలీలో రెండు ఇళ్లలో వచ్చిన పేచీ గురించి చెబుతాను. రోలు దగ్గరా, మిక్సీ దగ్గరా మన ఇళ్లలో జరిగే వాదనే అది!

ఇటలీకి వాయవ్య మూల పియెమోంతె అనే ప్రాంతం ఉంది. అక్కడి కొండల మీద బరోలో అని ఓ చిన్న ఊరు. అక్కడి ఎర్ర వైన్‌కీ ఊరి పేరే పెట్టారు. దాన్ని నెబ్బియోలో అనే ఒకే ఒక్క రకం ద్రాక్షతో చేస్తారు. వాళ్ల భాషలో నెబ్బియా అంటే పొగమంచు. అక్టోబరులో కొండలకి మంచు పట్టే వేళకి గానీ ఈ పండు కోతకి రాదు, అందుకే ఆ పేరు వచ్చిందంటారు.

ఈ ద్రాక్షతో ఓ చిక్కుంది. తొక్కలోనూ గింజలోనూ వగరు జాస్తి. మరీ మరిగిపోయిన టీ తాగితే నోరు పిడచగట్టినట్టు అవుతుంది చూడండి, అదే వగరు. దాన్నే టానిన్ అంటారు. కొత్త బరోలో తాగితే నోరంతా అలా పట్టేస్తుందట. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా అడుక్కి దిగుతాయి. అప్పుడు వైన్ మెత్తబడుతుంది. అందుకే కోసిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కేసి 38 నెలలు ఆగాలని అక్కడ చట్టమే ఉంది. అందులో 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. 'రిజెర్వా' అని పేరు పెట్టాలంటే 62 నెలలు ఆగాల్సిందే. కొత్తావకాయ ఊరేదాకా నాలుగు రోజులు ఆగలేం మనం, వీళ్ల ఓపిక చూశారా!

ఆ ఊళ్లో మస్కరెల్లో వారిల్లు ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జూలియో అనే ఆయన మొదలుపెట్టాడు. తర్వాత కొడుకు బర్తోలో అందుకున్నాడు. వాళ్లకున్న తోటలు అన్నీ కలిపి పన్నెండు ఎకరాల పైచిలుకు, అంతే. నాలుగు చోట్ల పండిన నెబ్బియోలోని కలిపి ఒకే బరోలో చేస్తారు. ఏ ఏడైనా ఒక తోటలో లోటుంటే మరో తోట తీరుస్తుందని వాళ్ల లెక్క. పండుని చేత్తో కోసి, సిమెంటు తొట్టెల్లో పులియబెడతారు. తొక్కలు రసంలోనే వారాల తరబడి నానతాయి. ఆ తర్వాత వేల లీటర్లు పట్టే పాత ఓక్ పీపాల్లోకి ఎక్కిస్తారు. పీపా పెద్దది, పైగా పాతది కాబట్టి చెక్క వాసన వైన్‌కి అంటదు. సన్నగా గాలి మాత్రం ఆడుతుంది.

1980ల్లో వచ్చింది అసలు తంటా. అప్పట్లో ద్రాక్ష రైతులకి చేసిన కష్టానికి తగ్గ రాబడి లేదు. పక్క ఊరు లా మొర్రాలో ఎలియో అల్తారె అనే యువకుడు ఫ్రాన్స్ వెళ్లి, అక్కడి రైతులు బాగుపడటం చూసి వచ్చాడు. వాళ్లు బరీక్ అనే చిన్న కొత్త పీపాలు వాడుతున్నారు. ఒక్కోటి 225 లీటర్లు పడుతుంది. అందులో వైన్ త్వరగా మెత్తబడి, వెనిలా వాసన పట్టుకుంటుంది. మనమూ అలా చేద్దామంటే తండ్రి ససేమిరా అన్నాడు. 1983లో ఓ రోజు ఎలియో చెట్లు నరికే రంపం తీసుకుని తండ్రి పీపాలన్నీ కోసేశాడు! తండ్రి ఆస్తిలో చిల్లిగవ్వ రాకుండా చేశాడు. ఆ పెద్దాయన కొడుకుతో రాజీ పడకుండానే కన్నుమూశాడు. ఆ తల్లి ఎవరి పక్షాన మాట్లాడగలిగి ఉంటుందో మీరే చెప్పండి.

ఎలియోది తప్పని కొట్టెయ్యటానికీ లేదండోయ్. ఆయనా, ఆయన జతగాళ్లూ చేసిన హడావిడి వల్లే బరోలో పేరు దేశదేశాలకీ పాకింది, రైతుల చేతిలో డబ్బాడింది. అయితే వెనిలా వాసన ముందు ద్రాక్ష వాసన చిన్నబోతోందని బర్తోలో బాధ. ఆయన పాత పీపాలు కదపనని భీష్మించుక్కూర్చున్నాడు. నడవలేక చక్రాల కుర్చీకి పరిమితమయ్యాక సీసాల చీటీలకి తన చేత్తోనే బొమ్మలు వేసేవాడు. ఓ చీటీ మీద "బరీక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని రాసి, కొత్త పీపానీ దేశ నాయకుణ్ణీ ఒకే దెబ్బలో కొట్టాడు. అది లోకమంతా చెప్పుకున్నారు.

1993లో కూతురు మరియా తెరేజా తండ్రికి తోడొచ్చింది. ఫ్యాషన్ అంతా చిన్న పీపాలదైన రోజులవి. 2005లో తండ్రి పోయాక ఇల్లూ తోటా ఆమె మీద పడ్డాయి. "ఇంక ఈ అమ్మాయి మార్చేస్తుంది" అనుకోవటానికి అన్ని వీలులూ ఉన్నాయి. ఆమె మార్చలేదు. అవే సిమెంటు తొట్టెలు, అవే పెద్ద పీపాలు, నాలుగు తోటలు కలిపిన అదే ఒక్క వైన్. ఇప్పుడు ఆ సీసా కావాలంటే వెతుక్కోవాలి, ధర చూస్తే మన గుండె ఆగుతుంది! చిన్న పీపాలకి పరిగెత్తిన వాళ్లలో చాలామంది మళ్లీ పెద్దవాటి వైపు తిరిగారు. కొందరు రెండూ వాడుతున్నారు. 2014లో ఆ కొండల తోటల్ని యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది.

అన్నట్టు, అక్కడివాళ్లు ఈ వైన్ పోసి అన్నం కూడా వండుతారు. రిసొత్తో అంటారు. బియ్యాన్ని వెన్నలో వేయించి, వైన్ పోసి, అది ఇగిరాక వేడి వేడి చారులాంటి నీళ్లు గరిటెడు గరిటెడు పోస్తూ కలుపుతారు. అన్నం వంగపండు రంగులోకి తిరుగుతుందట.

పాతదల్లా బంగారమని మరియా తెరేజా కథ చెప్పటం లేదు. పాత పీపా ఏం పని చేస్తోందో ఆమెకి తెలుసు, అందుకే ఉంచుకుంది. మన అటక మీది జాడీకీ అలాంటి పనే ఉంది. ఉప్పూ పులుపూ ఇనుముని తింటాయి, అల్యూమినియాన్ని తింటాయి, పింగాణీ జోలికి రావు. కాబట్టి ఈసారి పాత సామాన్లవాడు వీధిలో కేకేసినప్పుడు, జాడీ దింపే ముందు అత్తగారినో అమ్మనో ఓ మాట అడగండి, "ఇది ఇన్నాళ్లూ ఎందుకు దాచారు?" అని. వాళ్ల సమాధానం విన్నాక ఇచ్చెయ్యాలో, కడిగి ఎండబెట్టుకోవాలో మీకే తెలుస్తుంది.