‘చదివారా, ఎలా వుంది?’ – గోదావరి వాసుల నవలా ముచ్చట

రాజమండ్రి: గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇవ్వడానికి ఒకరు బల్ల దగ్గరకు వస్తారు. వెనక నిలబడ్డవారు ఆ అట్టకేసి తొంగి చూసి “ఎలా వుందండీ?” అని అడుగుతారు. “మొదటి నలభై పేజీలు ఓపిక పట్టండి, ఆ తరువాత మీకు అన్నం కూడా గుర్తుండదు” అని జవాబు వస్తుంది. అంతే, ఆ పుస్తకం బీరువా దాకా వెళ్లకుండానే మరో ఇంటికి బయలుదేరుతుంది.

పత్రికల్లో సమీక్షలు ఎన్ని వచ్చినా ఈ నోటిమాటకు వున్న బలం వేరు. చదివినవారు చదవనివారికి చెప్పడం, చదివినవారిద్దరు కలిస్తే వాదించుకోవడం గోదావరి జిల్లాలలో నవల ఎంత పాతదో అంత పాత అలవాటు. ఆ అలవాటు ఈమధ్య పలచబడుతోంది. దానితోపాటు ఎన్నో మంచి పుస్తకాలు అడిగేవారు లేక అరల్లో వుండిపోతున్నాయి.

ధవళేశ్వరంలో మొదలైన కథ

కందుకూరి వీరేశలింగం పంతులు ‘రాజశేఖర చరిత్రము’ను 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో విడతలుగా ప్రచురించారు. 1880లో అది పుస్తకంగా వచ్చింది. గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దీనికి ప్రేరణ. అయినా కథ మొదలయ్యేది మన ధవళేశ్వరంలోనే. రోజూ చూసే వూరు, రేవు, గుడి, కొండ అచ్చులో కనిపించడం నాటి పాఠకులకు కొత్త.

విడతలుగా వచ్చే కథకు ఒక గుణం వుంది. తరువాయి భాగం వచ్చేదాకా పాఠకుడు ఊరకే కూర్చోలేడు. ఏమవుతుందో తనలో తాను ఊహించుకుంటాడు, పక్కవారిని అడుగుతాడు, వారు చెప్పింది నచ్చకపోతే వాదిస్తాడు. పత్రిక ఒక ఇంటికే వచ్చినా కథ వీధంతా తిరుగుతుంది.

ఈ నవలకు ‘వివేకచంద్రిక’ అనే పేరు కూడా వుంది. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి దీనిని తప్పుపడుతూ ‘వివేకచంద్రికా విమర్శనము’ రాశారు. అంటే తెలుగులో నవల పుట్టిన కొద్దికాలానికే నవల మీద తగవు కూడా పుట్టిందన్నమాట. ఇదే తొలి తెలుగు నవల అని చాలామంది అంటారు. కాదు, 1872 నాటి నరహరి గోపాలకృష్ణమచెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ ముందుదని మరికొందరంటారు. ఆ తగవు ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడమే మేలేమో, ఆ వంకనైనా ఆ రెండు పుస్తకాలను తీసి చూసేవారు వుంటున్నారు.

చూపులేని నవలాకారుడు

1890లలో న్యాపతి సుబ్బారావు పంతులు ఆధ్వర్యాన వెలువడిన ‘చింతామణి’ పత్రిక నవలలకు పోటీలు పెట్టి బహుమతులు ఇచ్చింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’ ఆ పోటీలో నెగ్గిన నవలే. ఖండవల్లిలో 1867లో పుట్టిన చిలకమర్తి రాజమండ్రిలో స్థిరపడ్డారు. చిన్ననాటినుంచే మందంగా వున్న చూపు తరువాత పూర్తిగా పోయింది. పుస్తకం చదవాలంటే మరొకరి కంఠం కావాలి, రాయాలంటే మరొకరి చేయి కావాలి. అయినా ఆయన చదవడం మానలేదు, రాయడం మానలేదు. ‘ఆంధ్రా మిల్టన్’ అని జనం పిలుచుకున్నది అందుకే.

ఇక్కడ ఒక విషయం గమనించదగ్గది. ‘చింతామణి’ బహుమతులు పొందిన నవలల పేర్లు ఇవాళ సాహిత్య విద్యార్థులను అడిగితే తప్ప తెలియవు. ఏ పోటీకీ సంబంధం లేకుండా 1920లో వచ్చిన చిలకమర్తివారి ‘గణపతి’ మాత్రం ఇంకా నవ్విస్తూనే వుంది. రేడియో నాటకంగా అది పుస్తకం పట్టనివారికి కూడా చేరింది. గణపతి అల్లరిని తాతలు మనుమలకు చెప్పారు, విన్నవారు పుస్తకం కోసం వెతికారు. బహుమతి కన్నా జనం చెప్పుకున్న ముచ్చటే నవలకు ఎక్కువ ఆయుష్షు పోసింది.

గురువు పేర గ్రంథాలయం

1898లో రాజమండ్రి యువకుడు నాళం కృష్ణారావు ఒక గ్రంథాలయం ప్రారంభించారు. దానికి పెట్టిన పేరు ఏ జమీందారుదీ కాదు, ఏ దొరదీ కాదు. తన గురువు, వసురాయకవిగా పేరొందిన వడ్డాది సుబ్బారాయుడి పేర దానిని ‘వసురాయ గ్రంథాలయం’ అన్నారు. ఇది చదవమని చేతికి పుస్తకం ఇచ్చేవాడే గురువు అనుకుంటే అంతకన్నా తగిన పేరు దొరకదు. తరువాతి కాలంలో ఇది రత్నకవి గ్రంథాలయంతో కలిసింది. అదే నేటి గౌతమీ గ్రంథాలయం. తాళపత్రాలు, పాత పత్రికలు, మరెక్కడా సులభంగా దొరకని పుస్తకాలు అక్కడ వున్నాయి.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్ష పీఠంపై కూర్చున్నది చిలకమర్తివారే. కంటితో ఒక్క అక్షరం చదవలేని మనిషి వూరూరా పుస్తకం కావాలని కోరే సభకు పెద్దగా వ్యవహరించారు. ఆ సభకు సూత్రధారి అయ్యంకి వెంకటరమణయ్య కూడా మన జిల్లావారే. తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో 1890లో పుట్టిన ఆయనను గ్రంథాలయోద్యమ పితామహుడని గౌరవిస్తారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు.

ఆ ఉద్యమం గట్టు మీద ఆగలేదు. పాతూరి నాగభూషణం 1935లో పక్కనున్న కృష్ణా డెల్టా కాలువపై పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణం నెమ్మది, ప్రయాణీకుడికి తీరిక ఎక్కువ. కాలువల మధ్య పెరిగిన డెల్టావాసులకు ఆ పుస్తకాల పడవలో ఎటువంటి ముచ్చట్లు సాగి వుంటాయో వేరే చెప్పనక్కరలేదు.

ఒక అద్దె, మూడిళ్ల చదువు

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’కు, భీమవరానికి చెందిన అడివి బాపిరాజు ‘నారాయణరావు’కు సమంగా పంచింది. బహుమతిని సగం చేయగలిగారు గాని పాఠకులను సమాధానపరచలేకపోయారు. రెండింటిలో ఏది గొప్ప అన్న వాదం ఆ తరం చదువరులు కలిసిన చోటల్లా రేగింది. బాపిరాజు మనవాడన్న అభిమానం గోదావరి తీరాన తూకంలో కొంత మొగ్గు చూపితే చూపి వుండవచ్చు.

తరువాత అద్దె పుస్తకాల షాపుల కాలం వచ్చింది. అరవై, డెబ్భై, ఎనభైల దశకాలలో రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం వంటి పట్టణాలలోనే కాదు, ఓ మోస్తరు వూళ్లలో కూడా ఇవి వుండేవి. కిరాణా కొట్టు పక్కన చిన్న గది, గోధుమరంగు అట్టలు వేసి అంకెలు రాసిన నవలలు, రోజుకు పది పైసలో పావలాయో అద్దె. షాపు యజమానికి ఎవరి రుచి ఏమిటో కంఠతా వచ్చు. ఎవరికి కన్నీళ్లు కావాలో, ఎవరికి హత్యలు కావాలో, ఎవరికి ఆఖరి పేజీలో పెళ్లి జరిగితీరాలో ఆయనకు తెలుసు.

ఇల్లాలు బడినుంచి వచ్చిన కుర్రాడి చేతికి చీటీ ఇచ్చి పంపేది. నవల వచ్చాక ఆమె వంట ముగించి చదివేది. ఆమె కునుకు తీసే వేళ పక్కింటావిడ పట్టుకుపోయేది. రాత్రికి ఎదురింటి కాలేజీ అమ్మాయి చేతికి చేరేది. మరునాడు పొద్దున్నే ముగ్గురూ నూతి దగ్గరో గుమ్మంలోనో కలిసి దాని మంచిచెడ్డలు తేల్చేవారు. అలా ఒక్క అద్దెతో మూడిళ్ల చదువు గడిచేది.

వారపత్రికల సీరియల్స్ సంగతి మరొకటి. వారం వారం ఆ పేజీలు చించి దాచి, కథ అయిపోయాక కుట్టి బైండు చేయించిన పుస్తకాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ల అటకల మీద వున్నాయి. మధ్యలో సబ్బు ప్రకటన, వెనక వేరే కథ తోకతో సహా.

బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మ ‘బలిపీఠం’ వచ్చాక, హరిజన యువకుడు భాస్కర్‌ను పెళ్లాడిన బ్రాహ్మణ వితంతువు అరుణది తప్పా, ఆమెను అర్థం చేసుకోవలసింది అతడా అన్న తగవు ఇళ్లలో నడిచింది. పాలకొల్లుకు చెందిన దాసరి నారాయణరావు 1975లో దానిని సినిమాగా తీయడంతో ఆ తగవు హాలు బయటికి కూడా పాకింది. కులాంతర వివాహం గురించి బంధువుల ముందు నోరు మెదపలేని ఆడపిల్ల అరుణ పేరు చెప్పి తన మాట అనగలిగింది. నవల మీద ముచ్చటకున్న అసలు ప్రయోజనం ఇదే. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చే రోజుల్లో, చేతబడి వుందా లేదా అన్న చర్చకు కూడా కథే వేదిక అయింది.

అంచుల మీద అభిప్రాయాలు

ముఖాముఖి కలవని పాఠకులు కూడా మాట్లాడుకునేవారు. అందుకు పుస్తకం అంచులే చోటు. “ఈ నవల అమోఘం” అని ఒకరు పెన్సిలుతో రాస్తే, కింద “మీకు మతి లేదు” అని మరొకరు సిరాతో రాసేవారు. “ఇద్దరూ నోరు మూసుకుని చదవండి” అని మూడోవారు తీర్పు చెప్పేవారు. “38వ పేజీ చూడుము” అని వుంటుంది. చూస్తే “72 చూడుము” అని వుంటుంది. తిరిగి తిరిగి చివరికి చేరిన చోట “నీకు పని లేదా?” అని వుంటుంది. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టే మహానుభావులు ప్రతి వూళ్లోనూ వుండేవారు. పుస్తకం మీద రాయడం తప్పే. కాని చదివినది ఎవరికో ఒకరికి చెప్పకుండా వుండలేని ఆరాటం ఆ రాతల్లో కనిపిస్తుంది.

నేటి పరిస్థితి

ఇప్పుడు అద్దె షాపులు దాదాపుగా కనుమరుగయ్యాయి. మొదట టీవీ, ఆపైన సెల్‌ఫోన్ ఆ మధ్యాహ్నాలను తీసుకుపోయాయి. శాఖా గ్రంథాలయాలలో పగలు కనిపించేవారిలో పోటీ పరీక్షలకు చదువుకునే యువకులే ఎక్కువ. వారిని తప్పుపట్టనక్కరలేదు, ఉద్యోగం ముందు, నవల తరువాత. అయితే వారి వెనక బీరువాలలో నవలలు అలాగే వున్నాయి. “ఎలా వుంది?” అని అడిగేవారు తగ్గారు.

ఆ ముచ్చట పూర్తిగా ఆగిపోయిందని కూడా చెప్పలేము. చదివిన పుస్తకాల గురించి వాట్సాప్‌లో రాసుకునే బృందాలు వున్నాయి. ఎక్కడో అమెరికాలో వున్న కోనసీమ అమ్మాయి అమ్మమ్మ చెప్పిన నవల పేరు అక్కడ వాకబు చేస్తుంది. చిక్కు ఎక్కడంటే, పునర్ముద్రణ లేని పాత నవలల పేర్లు చెప్పగలిగినవారు చాలావరకు వృద్ధులు. వారి చేతుల్లో ఫోను వున్నా అందులో రాసే ఓపిక అందరికీ లేదు. అటువంటి పాఠకుడొకరు కన్నుమూస్తే ఆయనతోపాటు రెండు మూడు వందల పుస్తకాల జాబితా పోతుంది. అది ఏ కార్డుల పెట్టెలోనూ దొరకదు.

చేయదగినది

1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. అంటే ఇల్లున్న ప్రతివారూ, పుస్తకం ముట్టనివారు కూడా, గ్రంథాలయానికి చందాదారులే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి రాజమండ్రి, అమలాపురం, భీమవరం కూడా జిల్లా కేంద్రాలయ్యాయి. కొత్త సరిహద్దుల లెక్కలలో పడి వూళ్లలోని చిన్న గ్రంథాలయాలను మరువకుండా చూడవలసి వుంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వక్తృత్వ పోటీలు, బహుమతులు, సన్మానాలు అయ్యాక మళ్లీ నిశ్శబ్దం. ఆ వారాన్ని ఏడాది పొడవునా సాగదీయడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. నెలకొక సాయంత్రం ఒక పాఠకుడు తాను చదివిన ఒక నవల గురించి పావుగంట మాట్లాడితే చాలు. పెద్దవారిని పిలిచి వారు మెచ్చిన పాత నవలల పేర్లు చెప్పించి రాసుకుంటే మరీ మంచిది. బల్లమీద ఒక నోటుబుక్కు వుంచి, పుస్తకం తిరిగి ఇచ్చేవారి చేత రెండు వాక్యాలు రాయిస్తే అంచుల మీద రాతలు కూడా తప్పుతాయి. హంతకుడి పేరు మాత్రం రాయరాదని నిబంధన పెట్టవచ్చు.

గ్రంథాలయ సంస్థలవారు, స్థానిక పెద్దలు ఈ దిశగా ఆలోచించాలని పుస్తక ప్రియులు కోరుతున్నారు. అంతదాకా ఆగనక్కరలేనివారు ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని, వారు చిన్నతనంలో రాత్రంతా మేలుకుని చదివిన నవల ఏదో అడగండి. పేరు చెబుతారు, రచయితను తలుచుకుంటారు, సగం కథ కూడా చెప్పేస్తారు. మిగతా సగం కోసం గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకం వుందేమో వాకబు చేయండి.